జంతువుల పద్యాలకు సంగీతం జత చేయాలి: ఏ జంతువుకు ఏ రాగం, ఏ తాళం?

అలిపిరి_అమ్మ (తిరుపతి)
ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది బైరాగిపట్టెడ. ఆదివారం సాయంత్రాలు మా మిద్దె మీద వీధిలోని పిల్లలు పది పన్నెండు మంది చేరతారు. కథలు చదువుకుంటాం, బొమ్మలు వేసుకుంటాం, నాకు వచ్చిన నాలుగు గీతాలు నేర్పిస్తాను. ఇప్పుడు అందరం కలిసి ఒక పుస్తకం చేయాలనుకున్నాం. పన్నెండు జంతువులు, ఒక్కోదానికి నాలుగు లైన్ల పద్యం, ఎదురు పేజీలో బొమ్మ, కింద ఒక క్యూఆర్ కోడ్. ఫోన్ పెడితే ఆ జంతువు సంగీతం వినిపించాలి.

ఈ ఆలోచన ఎలా పుట్టిందో చెప్తాను. పోయిన నెల వాన పడుతున్న ఒక సాయంత్రం పిల్లలకు ఫ్రెంచ్ స్వరకర్త కామిల్ సాన్‌సాన్స్ రాసిన ‘జంతువుల కార్నివాల్’ వినిపించాను. పేర్లు చెప్పకుండా పెట్టి, ఏ జంతువో కనుక్కోమన్నాను. ఏనుగు రాగానే సగం మంది కనుక్కున్నారు. అప్పుడు రెండో తరగతి పాప ఒకతె నా దగ్గరికొచ్చి, "ఆంటీ, ఇది ఏనుగే. కానీ మన ఏనుగు కాదు" అంది. ఎందుకమ్మా అంటే, "మన ఏనుగుకు గంట ఉంటుంది కదా" అంది.

ఆ మాట నన్ను వదలడం లేదు. మన ఏనుగుకు మన సంగీతం ఏది?

ముందు సప్తస్వరాల శ్లోకం పట్టుకున్నాను. ఏ జంతువు అరుపు ఏ స్వరమో నారదీయ శిక్ష అనే పాత గ్రంథంలో ఉంది కదా: నెమలి షడ్జం (స), ఎద్దు రిషభం, మేక గాంధారం, క్రౌంచపక్షి మధ్యమం, కోయిల పంచమం, గుర్రం ధైవతం, ఏనుగు నిషాదం. ఒక్క దెబ్బకు ఏడు జంతువులు దొరికాయని సంబరపడ్డాను. పిల్లలను జూపార్కుకు తీసుకుపోయాం. నెమలి అరిచింది. ఒక పిల్లవాడు వెంటనే ఫోన్‌లో శ్రుతి యాప్ తెరిచి ‘స’ పెట్టి చూశాడు. కలవలేదు. వాడి ముఖం చూస్తే జాలేసింది.

తెలిసినవాళ్ళు చెప్పండి. రాగం దగ్గర మొదలుపెట్టాలా, తాళం దగ్గరా, వాద్యం దగ్గరా?


పియానో_చెల్లి (చిత్తూరు)
ఆదివారం రాత్రి 10:15

అక్కా, చదువుతుంటేనే సంతోషంగా ఉంది. నేను కీబోర్డు నేర్చుకున్నది ఆ సంగీతం వల్లే. నాకు తెలిసింది చెప్తాను.

సాన్‌సాన్స్ దాన్ని 1886లో రాశాడు. మొత్తం 14 చిన్న భాగాలు, అన్నీ కలిపి అరగంట కూడా పట్టవు. స్నేహితుల మధ్య వాయించుకోవడానికి సరదాగా రాసుకున్నాడు. జనం తనను గంభీరమైన స్వరకర్తగా చూడటం మానేస్తారని, తాను బతికున్నంత కాలం అచ్చు వేయనివ్వలేదు. ఒక్క ‘హంస’ను మాత్రం వదిలాడు. ఆయన 1921లో పోయాక, 1922లో మొత్తం బయటికొచ్చింది. ఇప్పుడు ఆయన పేరు చెబితే ముందు గుర్తొచ్చేది అదే!

మీకు పనికొచ్చే సంగతి ఇంకోటి. అందులో మొదట పద్యాలు లేవు. 1949లో ఆగ్డెన్ నాష్ అనే అమెరికన్ కవి ఒక్కో జంతువుకు ఒక్కో చిన్న పద్యం రాశాడు. అప్పటినుంచి పద్యం చదవడం, వెంటనే సంగీతం వాయించడం అలవాటైంది. అంటే సంగీతం ముందు, పద్యం 63 ఏళ్ళ తర్వాత. మీరు పద్యం ముందు రాసి సంగీతం వెతుకుతున్నారు. అది ఇంకా కష్టమైన పని అనుకుంటాను.

ఆయన అన్నిటికీ అరుపే వాడలేదు అక్కా. కోళ్ళకు, గాడిదలకు అరుపు వాడాడు. తాబేలుకు ఏం చేశాడంటే, ఆఫెన్‌బాక్ రాసిన హుషారైన డాన్స్ పాటను తీసుకుని బాగా సాగదీసి వాయించమన్నాడు. ఏనుగుకైతే, గాలిలో తేలే దేవకన్యల కోసం బెర్లియోజ్ రాసిన సన్నని సంగీతాన్ని డబుల్ బేస్‌కు ఇచ్చాడు. నిలబెడితే మనిషికంటే ఎత్తుండే వాద్యం అది. ఇక్కడ నవ్వు పుట్టించేది గొంతు కాదు, కదలిక.


పిట్టలబాబు (తిరుపతి)
సోమవారం ఉదయం 6:20

మేడమ్, శేషాచలం అడవుల్లో పక్షులు చూసే అలవాటు నాది. ఒక్క జాగ్రత్త చెప్పాలని రాస్తున్నాను. కోయిల పేజీకి దయచేసి ఆ కార్నివాల్‌లోని ‘కుకూ’ భాగం పెట్టకండి.

అందులో క్లారినెట్ రెండే రెండు స్వరాలు వాయిస్తుంది, పై స్వరం నుంచి కింది స్వరానికి. యూరప్ కుకూ పక్షి కూసేది అచ్చం అలాగే. మన కోయిల కూత పైకి పోతుంది. కూ-ఊ, కూ-ఊ, కూ-ఊ అంటూ ఒక్కో కూతకు ఒక్కో మెట్టు ఎక్కి, గొంతు పెంచి, చివరికి ఇక చాలన్నట్టు ఆపేస్తుంది. రెండూ ఒకే కుటుంబం పక్షులే, కానీ ఒకటి దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది. మన మామిడితోపుల పక్కన పెరిగే పిల్లలు ఆ తేడా చెవితో పట్టేస్తారు.

బొమ్మ సంగతి కూడా. నల్లగా ఉండి, ఎర్రటి కళ్ళతో ఆ పాట పాడేది మగ కోయిల. ఆడది గోధుమరంగులో తెల్ల చుక్కలతో ఉంటుంది, గుడ్లు కాకి గూట్లో పెడుతుంది. పద్యంలో ‘కోయిలమ్మ పాడింది’ అని రాసి నల్ల కోయిల బొమ్మ వేస్తే, పాడే ఆయన్ను అమ్మను చేసినట్టే. పిల్లలకు నిజం చెప్పండి, వాళ్ళకు అదే ఇంకా ఎక్కువ నచ్చుతుంది.


పలమనేరు_పంతులు (పలమనేరు)
సోమవారం మధ్యాహ్నం 2:05

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మీ ప్రశ్నకు జవాబు మన ఛందస్సులోనే ఉంది. ఎవరూ ఇంకా ఆ మాట ఎత్తలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మనవాళ్ళు పద్యాలకు జంతువుల పేర్లు పెట్టారు. శార్దూల విక్రీడితం అంటే పులి ఆట. మత్తేభ విక్రీడితం అంటే మదపుటేనుగు ఆట. మత్తకోకిల సంగతి అందరికీ తెలుసు. ఆ మత్తకోకిల పాదాన్ని మాత్రల్లో, అంటే లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున, లెక్కపెట్టి చూడండి: ఏడు, ఏడు, ఏడు, చివర ఐదు. ప్రతి ఏడూ మూడు, నాలుగుగా విరుగుతుంది. తకిట తకధిమి, తకిట తకధిమి. పద్యం చదువుతుంటేనే మిశ్రగతి నడుస్తుంది.

ఇక రగడలు, అంటే మాత్రల లెక్కతో నడిచే పద్యాలు. అందులో హయప్రచారం, తురగవల్గనం అని రెండున్నాయి. హయం అన్నా తురగం అన్నా గుర్రమే. రెండూ మూడేసి మాత్రల గణాలతో నడుస్తాయి. హయప్రచారానికి పాదానికి నాలుగు గణాలు, తురగవల్గనానికి ఎనిమిది. వృషభగతి అని ఇంకొకటి, ఎద్దు నడక. అది మూడు-నాలుగు మాత్రల మిశ్రగతి. గమనించండి, పేర్లన్నిట్లో ‘గతి’, ‘వల్గనం’, ‘ప్రచారం’. అంతా నడక, దూకుడు, కదలిక. అరుపు మాట ఒక్కచోట లేదు.

కాబట్టి నా సలహా ఇది. ముందు ఆ జంతువు ఎలా నడుస్తుందో చూడండి. ఆ నడకలో పద్యం రాయండి. పద్యం నడకను బట్టి తాళం దానంతటదే వస్తుంది. రాగం గురించి తర్వాత ఆలోచించవచ్చు.

మాది కౌండిన్య అభయారణ్యం పక్క ఊరు. రాత్రిళ్ళు ఏనుగులు పొలాల్లోకి వస్తాయి. చెరుకు విరిగిన చప్పుడు వినిపిస్తుంది కానీ అవి వచ్చిన చప్పుడు వినిపించదు. అంత పెద్ద జంతువు పాదం కింద మెత్తటి దిండు పెట్టుకున్నట్టు నడుస్తుంది. నేను మా మనవరాలి కోసం రాసుకున్నది:

ఏనుగు వచ్చెను ఎంతో మెల్లగ
భూమికి తెలియదు పాదం చప్పుడు

నాలుగేసి మాత్రలు. తకధిమి, తకధిమి. మిగతా రెండు లైన్లు మీ పిల్లలు రాయాలి.


అలిపిరి_అమ్మ (తిరుపతి)
సోమవారం రాత్రి 10:30

మాస్టారూ, మీకు ఎన్ని నమస్కారాలు పెట్టాలో తెలియడం లేదు. ‘భూమికి తెలియదు పాదం చప్పుడు’ అన్న లైను మా అమ్మాయికి చదివి వినిపించాను. అది మంచం దిగి మునివేళ్ళ మీద గదంతా తిరిగింది, చప్పుడు కాకుండా. ఏనుగంటే ఇన్నాళ్ళూ ధబ్ ధబ్‌మని కాళ్ళు నేలకేసి కొట్టేది. ఇక కొట్టదు.

బాబూ, కోయిల గురించి మీరు చెప్పింది అక్షరాలా పాటిస్తాను.


మృదంగం_మావయ్య (తిరుపతి)
మంగళవారం ఉదయం 8:10

పంతులుగారు చెప్పిన దారి సరైనది. నలభై ఏళ్ళుగా మృదంగం మీద చేయి వేస్తున్నవాడిగా దానికి ఒక మాట కలుపుతాను.

బ్రహ్మోత్సవాల్లో వాహనసేవకు ముందు ఏనుగులు నడుస్తాయి కదా. ఒక ఏడు మాడవీధిలో నిలబడి వాటి అడుగుకు చేతితో తాళం వేసి చూశాను. ఒక అడుగుకు ఒక దెబ్బ చొప్పున వేస్తే, ఎనిమిది అడుగులకు ఆదితాళం ఒక ఆవర్తనం పూర్తయింది. నిదానంగా, ఎక్కడా తొందర లేకుండా. ఆ పాప చెప్పిన గంట మాత్రం అడుగుతో కలవదు. అడుగు పడ్డాక ఏనుగు ఒళ్ళు ఊగి, ఆ ఊపుకు గంట మోగుతుంది. అంటే అడుగు దెబ్బ మీద, గంట రెండు దెబ్బల మధ్యలో. పిల్లలకు ‘గంట ఆలస్యం’ అని చెప్పండి చాలు. తొడ మీద తాళం వేస్తూ, రెండు దెబ్బల మధ్య ‘ఘణ్’ అనమనండి. ఐదు నిమిషాల్లో వస్తుంది.

వాద్యం కావాలంటే మృదంగం ఎడమ మూత ఉంది. తొప్పి అంటాం. దానికి రవ్వ తడిపి ముద్ద చేసి మధ్యలో పెడతాం, అది పెడితేనే ఆ బరువైన నాదం. అరచేతి అంచుతో నొక్కి జరిపితే ‘గుమ్‌ఉఉ’ అని పైకి పాకుతుంది. గుంకి అంటాం. అది ఏనుగు తొండం ఎత్తినట్టే ఉంటుంది.

కప్ప ఉందా మీ పన్నెండింట్లో? లేకపోతే పెట్టండి. ధైవతం గుర్రానిదని మీరు రాశారు. బృహద్దేశి అనే ఇంకో పాత సంగీత గ్రంథంలో ఉదహరించిన లెక్క ప్రకారం వానాకాలపు కప్పది ధైవతం. అందులో రిషభం కూడా ఎద్దుది కాదు, చాతకపక్షిది. పాతవాళ్ళలోనే ఇన్ని మాటలున్నాయి. కాబట్టి నెమలి ‘స’ కలవలేదని ఆ పిల్లవాణ్ణి బాధపడొద్దని చెప్పండి. ఏ స్వరం ఎవరిదన్నది వాళ్ళు ఊహలో కట్టుకున్న జత. యాప్ పెట్టి తూచే లెక్క కాదు.


అలిపిరి_అమ్మ (తిరుపతి)
మంగళవారం రాత్రి 11:00

కప్ప లేదు మావయ్యగారూ, ఇప్పుడు పెట్టేశాం! ఐదు మాత్రల్లో రాద్దామని నేనూ మా అమ్మాయీ కూర్చున్నాం. తకతకిట, తకతకిట అని వంటగదిలో గిన్నె మీద కొడుతూ రాశాం:

చెరువులో కప్పమ్మ
వానొస్తె పాడింది
బెకబెకా బెకబెకా
ఊరంత లేచింది

గుర్రం కూడా అయింది. ఇది పిల్లలు రాసింది, నేను రెండు మాటలు మాత్రం సర్దాను:

గుర్రమొచ్చె గుర్రమొచ్చె
కొండదారి దుమ్ములేచె
టక్కుటక్కు టక్కుటక్కు
తోకచూడు గాలిలోన

మాస్టారూ, తప్పులుంటే చెప్పండి.


పలమనేరు_పంతులు (పలమనేరు)
బుధవారం ఉదయం 7:15

అమ్మా, తప్పులు కాదు. పిల్లలకు తెలియకుండానే పాదానికి నాలుగు మూడు-మాత్రల గణాలు, పన్నెండు మాత్రలు పెట్టేశారు. అది హయప్రచార రగడ కొలత! రగడకు ప్రాస నియమం ఉంది, అది మాత్రం కలవలేదు. గుర్రం పేరున్న ఛందస్సు గుర్రం మీద పిల్లలు కట్టిన పాటలో దానంతటదే వచ్చిందంటే, వాళ్ళు గుర్రాన్ని చెవితో చూశారన్నమాట. వాళ్ళకు నా ఆశీస్సులు.

కప్ప పద్యంలో ‘బెకబెకా’ చివరి దీర్ఘాన్ని పొట్టి చేయకండి. ఆ దీర్ఘమే ఐదో మాత్ర.

ఉత్సాహం ఆగక నేనూ ఒకటి కట్టాను. మన సీమ బిడ్డ, పుంగనూరు ఆవు మీద. ప్రపంచంలో అతి పొట్టి పశుజాతుల్లో అదొకటి, దాని పేరే మన ఊరి పేరు. అది లేకుండా చిత్తూరు సీమ పిల్లల పుస్తకం ఏముంటుంది?

పుట్టినూరది పుంగనూరట
పొట్టి కాళ్ళకు గట్టి గజ్జెలు
మెల్లమెల్లగ అడుగు వేస్తే
ఇల్లు నిండా పాల వాసన

మూడు నాలుగు, మూడు నాలుగు. రెండు లైన్లు కలిపి చదివితే 28 మాత్రలు, వృషభగతి కొలత అది. ప్రాస కూడా వేశాను, పుట్టి-పొట్టి, మెల్ల-ఇల్లు. మావయ్యగారు మిశ్రచాపు తాళం వేస్తే ఈ ఆవు నడుస్తుంది.


పియానో_చెల్లి (చిత్తూరు)
బుధవారం మధ్యాహ్నం 1:40

ఎంత బాగుందో! ‘ఇల్లు నిండా పాల వాసన’ దగ్గర మా అవ్వ ఇల్లు గుర్తొచ్చింది.

కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోలేను. నడకే అన్నీ అంటే హంస సంగతేంటి? సాన్‌సాన్స్ హంసలో రెండు పియానోలు కింద అలల్లాగా కదులుతుంటాయి, పైన సెల్లో ఒక్కటే పొడుగ్గా సాగుతుంది. అందులో నడక లేదు, తాళం ఉందన్న స్పృహే రాదు. కళ్ళు మూసుకుంటే గుండె బరువెక్కుతుంది. అది రాగం చేసే పని, తాళం చేసే పని కాదు. ప్రతి జంతువునూ తకిట తకధిమిలో పెడితే పిల్లలకు లెక్క వస్తుందేమో, ఆ బరువు రాదు. మన దగ్గర హంసధ్వని రాగం పేరులోనే హంస ఉంది కదా, దాన్ని రాగంగానే ఎందుకు వాడకూడదు?


మృదంగం_మావయ్య (తిరుపతి)
బుధవారం సాయంత్రం 5:30

తల్లీ, నువ్వు చెప్పింది నిజం. నేను తాళంవాణ్ణి కాబట్టి అన్నీ తాళంగానే కనిపిస్తాయి, నువ్వు సరిదిద్దావు.

హంసధ్వని ముత్తుస్వామి దీక్షితులవారి తండ్రి రామస్వామి దీక్షితులు కట్టిన రాగం. స రి గ ప ని, ఐదే స్వరాలు. కచేరీ మొదట్లో పాడి సభను లేపే రాగంగా అందరికీ అలవాటైంది. చాలా వెలుగు ఉంటుంది. నీ సెల్లో హంసలో ఉన్న దిగులు అందులో సులభంగా రాదు. ఒకసారి వయొలిన్ మీద తాళం లేకుండా, ఆలాపనగా, నిదానంగా నిషాదం మీద నిలిచి వాయించమను. నిషాదం నుంచి షడ్జానికి చేరకుండా ఆగితే, నీటి మీద హంస ఆగినట్టే ఉంటుంది. బిడ్డలు అడుగుతారు, తర్వాత ఏమైందని. అప్పుడు షడ్జం పలికించాలి.


పిట్టలబాబు (తిరుపతి)
బుధవారం రాత్రి 8:50

హంస బొమ్మకు ఒక మాట. సాన్‌సాన్స్ చూసిన తెల్లటి హంస మన చెరువుల్లో ఉండదు. మనకు దగ్గర్లో పులికాట్ సరస్సుకు శీతాకాలంలో వేలకొద్దీ వచ్చే ఫ్లెమింగోలున్నాయి, రాజహంసలంటాం. సూళ్ళూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది, పిల్లలను పొద్దున తీసుకుపోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అవి తల కిందికి వంచి, ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్ళు వడకడతాయి. పొడుగు కాళ్ళతో అవి నీళ్ళలో కదలడం చూశాక ఆ పేజీకి మీకే ఏదో తోస్తుంది. ఇంటర్నెట్ బొమ్మ చూసి గీయొద్దు.


చిన్నాడి_నాన్న (చిత్తూరు)
గురువారం రాత్రి 9:20

నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదువుతూ ఉంటాను. ఈ చర్చ చదివాక రాయాలనిపించింది.

మా చిన్నాడికి ఏడేళ్ళు. పుట్టుకతో వినికిడి బాగా తక్కువ. మిషన్ పెట్టుకుంటే కొన్ని శబ్దాలు అందుతాయి. బొమ్మల పుస్తకాలంటే ప్రాణం. ఇలాంటి సంగీతం పుస్తకాలు మాత్రం కొనను, అందులో సగం వాడికి మూసిన తలుపే కాబట్టి. మీరు రాగం గురించి మాట్లాడినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. నడక గురించి మాట్లాడినప్పుడు మాత్రం లేచి కూర్చున్నాను. గుర్రం పద్యం వాడి చేయి పట్టుకుని అరచేతిలో మూడేసి తట్లుగా తట్టాను. గుర్రం బొమ్మ చూపించాను. మళ్ళీ తట్టాను. వాడు నా చేయి తీసుకుని నా అరచేతిలో తట్టాడు, మొదటి తట్టు గట్టిగా, తర్వాతి రెండు మెల్లగా. నేను చెప్పకుండానే.

పుస్తకంలో ప్రతి పేజీలో ఆ తట్లు చుక్కలుగా గీయగలరా? పెద్ద చుక్క, చిన్న చుక్క, చిన్న చుక్క. అంతే అడుగుతున్నాను.


మృదంగం_మావయ్య (తిరుపతి)
గురువారం రాత్రి 9:45

నాయనా, బిడ్డను మా ఇంటికి తీసుకురా. ఫోన్ నంబరు మెసేజ్‌లో పంపుతాను. మృదంగం ఒడిలో పెట్టి, తొప్పి మీద వాడి అరచేయి ఆనించి, నేను అటువైపు వాయిస్తాను. తోలు వాడి చేతికి అన్నీ చెప్తుంది. చెక్క బల్ల మీద చెప్పుల్లేకుండా నిలబెట్టినా పాదాలకు అందుతుంది. ఇంట్లో అయితే ఒక బెలూన్ ఊది రెండు చేతులతో పట్టుకుని స్పీకర్ ముందు కూర్చోమను, వేళ్ళకు దరువు తెలుస్తుంది.


అలిపిరి_అమ్మ (తిరుపతి)
గురువారం రాత్రి 10:10

అన్నా, చుక్కలు ప్రతి పేజీలో ఉంటాయి. పన్నెండు పేజీల్లోనూ. మీరు అడిగేదాకా నాకు తోచనందుకు బాధగా ఉంది. చిన్నాడు ఒక పేజీ చుక్కలు వాడే గీసి ఇస్తే ఇంకా సంతోషం. గుర్రం పేజీ వాడిదే.


కలంపట్టిన_చేయి (శ్రీకాళహస్తి)
శుక్రవారం ఉదయం 11:30

బొమ్మల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మాది కలంకారీ కుటుంబం, అందుకే చొరవ తీసుకుంటున్నాను.

మేడమ్, స్కెచ్ పెన్నులు పక్కన పెట్టి రెండు మూడు బొమ్మలైనా మా పద్ధతిలో వేయించండి. బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతాం. పాల జిడ్డు లేకపోతే రంగు పక్కలకు పాకుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీత. వెదురుపుల్లకు చుట్టిన నూలు ముద్దే మా సిరాబుడ్డి, వేళ్ళతో దాన్ని ఎంత నొక్కితే అంత నలుపు దిగుతుంది. ఆ నలుపు పేరు కసిమి. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూడు వారాల దాకా ఊరబెడతాం. గీసేటప్పుడు లేతగా ఉంటుంది, బట్టలోని కరక్కాయ తగిలి కళ్ళ ముందే నల్లబడుతుంది. పిల్లలు అది చూసి నోరు తెరుస్తారు. మామూలు కాగితం మీద అలా నల్లబడదు. కాబట్టి బట్ట మీద వేసి ఫోటో తీసి పుస్తకంలో పెట్టండి.

నడక మాట బొమ్మకూ వర్తిస్తుంది. ఏనుగు వీపు గీత చేయి ఎత్తకుండా ఒకే ఊపిరిలో లాగాలి. గుర్రం జూలు అయితే తెంపి తెంపి. పిల్లలకు ముందు పద్యం పాడి వినిపించి, అది వింటూనే గీయమనండి. చేయి తాళంలో పడుతుంది, నేను మా పిల్లలతో చేయించి చూశాను.

ఇంకో కోరిక. మా ఊరి పేరే మూడు జంతువులు: శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచి మోక్షం పొందాయని మా స్థలపురాణం. ఏనుగు మీ దగ్గర ఉంది. మిగతా రెండూ చేర్చండి. సాలెపురుగుకు గొంతు లేదు, నడక చప్పుడు లేదు. దానికేం సంగీతం పెడతారో చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.


పిట్టలబాబు (తిరుపతి)
శుక్రవారం మధ్యాహ్నం 12:15

పాముకు పున్నాగవరాళి రాగం పెడతారని తెలుసు, వినడానికి బాగుంటుంది కూడా. పద్యంలో మాత్రం ‘పాట విని ఆడింది’ అని రాయకండి. పాముకు బయటి చెవులు లేవు. పాములవాడు ఊదే బుర్ర ఊగితే దాన్ని చూస్తూ తలతిప్పుతుంది. నేల అదురు దానికి బాగా తెలుస్తుంది. చిన్నాడి అరచేతిలా.


పియానో_చెల్లి (చిత్తూరు)
శుక్రవారం రాత్రి 9:00

అక్కా, క్యూఆర్ కోడ్ గురించి ఒక జాగ్రత్త. సాన్‌సాన్స్ పోయి వందేళ్ళు దాటింది, ఆ స్వరరచన ఎవరైనా వాయించుకోవచ్చు. కానీ ఎవరో వాయించిన రికార్డింగ్‌కు వేరే హక్కు ఉంటుంది. మన చట్టంలో రికార్డింగ్ విడుదలైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్ళు. యూట్యూబ్ నుంచి తీసి పెట్టకండి. మనమే వాయించుకుందాం. తాబేలు, హంస నేను కీబోర్డు మీద వాయించి పంపుతాను. మిగతావి మావయ్యగారు, పిల్లల గొంతులు. గది కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ఫోన్ మీద పల్చటి చేతిరుమాలు వేసి రికార్డు చేస్తే సరిపోతుంది.


అలిపిరి_అమ్మ (తిరుపతి)
ఆదివారం రాత్రి 10:20

ఇవాళ జరిగింది చెప్పకుండా నిద్ర పట్టేలా లేదు.

సాలెపురుగు గురించి వారమంతా ఆలోచించాను. ఏమీ తోచలేదు. పిల్లలనే అడిగాను. ఒకడు వీణ అన్నాడు, ఒకతె ఏమీ పెట్టొద్దు, ఖాళీగా ఉంచుదాం అంది. అటకమీద మా అమ్మ తంబూరా ఉంది, ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. దించి దుమ్ము తుడిచాం. నిజంగానే మెడ దగ్గర సాలెగూడు ఉంది. పిల్లలు దాన్ని తుడవనివ్వలేదు.

శ్రుతి చేసి మీటాను. డిం, డిం అని పొడిగా పలికింది. నాదం రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, జీవ. బ్రిడ్జి మీద తీగ కింద సన్నని నూలు దారం పెట్టాలి. కుట్టుపెట్టెలోంచి దారం తెంపి ఆ గంట మాట చెప్పిన పాపకే ఇచ్చాను. తీగ కింద దూర్చి మెల్లగా ముందుకు జరపమన్నాను. నేను మీటుతూనే ఉన్నాను. డిం, డిం, డిం. ఇంకొంచెం జరిపింది. డింమ్. ఇంకాస్త. ఒక్కసారిగా తీగ మొత్తం జుమ్మ్మ్ అని విచ్చుకుంది. పాప చేయి వెనక్కి లాక్కుంది. మిద్దె మీద ఒక్కరూ మాట్లాడలేదు. కాసేపటికి ఎవరో అన్నారు, "దారమే పాడుతోంది".

చిన్నాడు వచ్చాడు, వాళ్ళ నాన్నతో. తంబూరా కుండకు చెంప ఆనించి కూర్చున్నాడు. లేవమంటే లేవలేదు.

సాలెపురుగు పేజీకి తంబూరా ఒక్కటే. తాళం లేదు, రాగం లేదు. పద్యం పిల్లలు అక్కడే కట్టారు, మాస్టారూ, మాత్రలు లెక్కపెట్టకండి:

మాట లేదు, పాట లేదు,
మూల కూర్చుని నేస్తుంది.
ఒక్క దారం, ఒక్క దారం,
గాలి వస్తే ఊగుతుంది.

బొమ్మ గీయలేదు. ఆ దారం ముక్కనే పేజీకి అతికించారు.

వచ్చే ఆదివారం ఏనుగు పేజీ రికార్డింగ్. మావయ్యగారు మృదంగం తెస్తానన్నారు. గంట ఒక్కటే లేదు. పూజగంట పలచగా ఉంది, ఏనుగులా లేదు. పెద్ద గంట ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.


పలమనేరు_పంతులు (పలమనేరు)
ఆదివారం రాత్రి 10:50

మా నాయన ఎద్దులకు కట్టిన కంచు మెడగంట ఇంట్లో ఉంది. ఆదివారం పొద్దున బస్సుకు తెస్తాను.